లోపలి వరుసలో గ్లాసు

మా మేనత్త వంటింట్లో ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని చీటీ ఉంటుంది. పంచదార డబ్బా మీద ‘పంచదార’ అని ఉంటుంది. అంతవరకు బాగానే ఉంది. మంచినీళ్ల సీసా మీద కూడా ‘మంచినీళ్లు, పొద్దున కాచినవి’ అని ఉంటుంది. చిన్నప్పుడు ఒకసారి నవ్వాను.

“నీళ్లని కూడా చదివి తాగాలా అత్తా? చూస్తే తెలీదూ?”

“చూస్తే తెలిసిపోతుందనుకున్నవే మనుషుల్ని మంచాన పడేస్తాయిరా. ఆ పక్క సీసాలో ఉన్నది స్పిరిటు. అదీ నీళ్లలాగే ఉంటుంది. తాగు, తెలుస్తుంది.”

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లుగా ఆస్పత్రి మందుల గదిలో పనిచేస్తోంది. పెద్ద జాడీల్లోని మందును చిన్న సీసాల్లోకి కొలిచి పోయడం, మూత బిగించడం, చీటీ అంటించడం ఆమె పని. కిటికీ అవతల నిలబడేవాళ్లంతా ఆమెను చీటీ అక్క అంటారు. ఒకసారి చీటీ ఊడిపోయిన సీసా ఒకటి దొరికిందట. రంగు చూస్తే దగ్గు మందు, వాసన చూసినా దగ్గు మందే. పెద్ద డాక్టరు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, “దగ్గు మందే, ఉంచమ్మా” అన్నాడట. అత్త ఆయన కళ్లముందే దాన్ని తూములో పారబోసింది. “మీకు చదువుంది కాబట్టి రుచి చూసి చెప్పారు. రేపు వచ్చే పసిపిల్లకి ఆ చదువెక్కడిదండీ?” అందట. సీసాలో ఉన్నదీ చీటీ మీద ఉన్నదీ ఒకటి కాకపోతే ఆవిడ దృష్టిలో అది మందే కాదు.

అలాంటి మనిషి పన్నెండు నెలల పాటు, నెలకొకసారి, సాక్షాత్తూ దేవుడి బల్ల మీదనుంచి ఒకటి పోసి ఇంకొకటిగా అందించింది. నేను రాయబోయేది దాని గురించే.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం. రొట్టె ముక్కలు, బొటనవేలంత గ్లాసుల్లో ద్రాక్షారసం. కొన్ని చర్చిల్లో తియ్యటి పళ్లరసం పోస్తారు. మా దగ్గర అది కాదు. నిలవబెట్టి పులిసిన అసలు సరుకే. ఆ గ్లాసులు నింపే పని పందొమ్మిదేళ్లుగా అత్తది. గ్లాసులుండే అలమర తాళంచెవి ఆమె సంచిలోనే ఉండేది. మూడు గుండ్రటి ట్రేలు. ఒక్కోదానిలో బయటి వరుసకు ఇరవై నాలుగు గ్లాసులు, లోపలి వరుసకు పన్నెండు. ముందు బయటి వరుసలోవే తీసుకోవాలి. అవి అయిపోతే తప్ప లోపలి వరుస మీద చెయ్యి వెయ్యకూడదు. చేతులు తగిలి గ్లాసులు ఒలకకుండా ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి అది. పిల్లలకి కూడా తెలుసు.

ఇంకో కట్టుబాటు ఉంది. వరసగా మూడు నెలలు బల్ల దగ్గర చెయ్యి చాపనివాళ్ల ఇంటికి సంఘ పెద్ద వెళ్లి కారణం అడగాలి. మా సంఘ పెద్ద ఒకప్పుడు బడిలో హెడ్మాస్టరు. నిమిషం తేడా రాకుండా గంట కొట్టించేవాడట. ఇప్పటికీ అందరూ ఆయన్ని గంట మాస్టారనే అంటారు.

ఆయన మా ఇంటికి వచ్చింది మా నాన్న కోసం.

మా నాన్న బస్సుల డిపోలో బ్రేకులు చూసే మెకానిక్కు. “ఊళ్లో బస్సులన్నిటికీ బ్రేకులు వేస్తాడు, తనకి మాత్రం వేసుకోలేడు” అని డిపోలో నవ్వుకునేవాళ్లు. నిజమే. ఇరవై ఏళ్లు తాగాడు. అమ్మ పోయిన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం, ఎవరూ అడగకుండానే, ఎవరికీ చెప్పకుండానే మానేశాడు. నేను నమ్మలేదు. అంతకుముందు అయిదుసార్లు మానేశాడు కాబట్టి ఇదీ ఆరోదే అనుకున్నాను.

గంట మాస్టారు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“మూడు నెలలైంది తమ్ముడూ. ట్రే నీ వరుసకి రాకముందే లేచి బయటికి పోతున్నావు. ఏ పాపం అడ్డొస్తోంది?”

నాన్న గోడ సున్నం గోటితో గీకాడు. మాస్టారు కాసేపు చూసి, ప్రార్థన చేసి, కుర్చీని ఎక్కడ ఉన్నదో అక్కడే సరిగ్గా జరిపి వెళ్లిపోయాడు. ఆయన మెట్లు దిగాక నాన్న వంటింట్లోకి వెళ్లి, మాకు వంట చేసిపెట్టడానికి వచ్చిన అత్త ముందు పీట మీద కూలబడ్డాడు.

“అక్కా, ఆ వాసన తగిలితే నా నోరు నా మాట వినదు.”

“వేలెడంత గ్లాసురా అది.”

“బ్రేకు నూనె కారడానికి గొట్టం పగలక్కర్లేదక్కా. సూది బెజ్జం చాలు. పైకి ఏమీ కనబడదు. దిగుడు దారిలో తొక్కినప్పుడు తెలుస్తుంది.”

“ఆ మాట మాస్టారికి చెప్పొచ్చుగా?”

“చెప్తే వచ్చే ఆదివారం నుంచి నేను మనిషిని కాను, ప్రార్థన అంశాన్ని.”

అత్త నవ్వింది.

ఆ వారమే ఆవిడ మాస్టారి దగ్గరికి, పాస్టరు గారి దగ్గరికి వెళ్లింది. ఎవరి పేరూ చెప్పకుండా, ఎండుద్రాక్ష ఉడికించిన రసం అందరికీ పోస్తే ఎలా ఉంటుందని అడిగింది. పాస్టరు గారు కొత్తవాడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. “మాస్టారు ఎలా అంటే అలా” అని కళ్లద్దాలు తుడుచుకున్నాడట. మాస్టారు మాత్రం సూటిగానే చెప్పాడు. “మా తాతల నాటి నుంచి ఉన్న నియమమమ్మా. ఎవరికైనా ఇబ్బంది ఉంటే సంఘం ముందుకు వచ్చి చెప్పమను. అప్పుడు ఆలోచిద్దాం.”

నేను పుస్తకాలు కుట్టి అట్టలు వేసే షాపులో పనిచేస్తాను. కుట్టడానికి వచ్చినవాటిని కుట్టే ముందు చదువుతాను. నా చదువంతా అలా చిరిగిన పేజీల చదువే. ఆ రోజుల్లోనే అట్ట లేని పాత పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. దేవుడు నిజంగా ఇచ్చిన ఆజ్ఞ ప్రేమ ఒక్కటేనని, మిగతా నియమాలన్నీ దారి చూపించడానికే తప్ప కట్టిపడెయ్యడానికి కాదని, ఎదుట ఉన్న మనిషికి ఏది మేలో చూసి నడుచుకోవాలని అందులో ఉంది. నాకు ఒళ్లు వేడెక్కింది. అది పట్టుకుని అత్త దగ్గరికి వెళ్లాను.

“చూశావా అత్తా? మీ మాస్టారి నియమాలకి ఇదీ సమాధానం.”

అత్త బట్టలు మడతపెడుతోంది. రెండు పేజీలు చదివించుకుని వింది.

“మీ అమ్మకి మీ నాన్నంటే ప్రేమ లేదంటావా?”

“అదేం ప్రశ్న?”

“ఆయన తాగి పడుకున్న ప్రతిరోజూ డిపోకి జ్వరమని కబురు పంపేది. ప్రేమతోనే. ఆ జ్వరాలే ఆయన్ని ఇరవై ఏళ్లు తాగనిచ్చాయి. ప్రేమ కూడా మందేరా. కొలత లేకుండా పోస్తే అదీ చంపుతుంది.”

“అయితే నియమమే గొప్పదంటావు.”

“నేను అలాగన్నానా? నీకు ఎప్పుడూ రెండు సీసాలే కనిపిస్తాయి.” ఒక చొక్కా మడత విప్పి మళ్లీ మడతపెట్టింది. “మీ అమ్మ అబద్ధం తాగడానికి సాయం చేసింది. ఇప్పుడు నేననుకుంటున్న అబద్ధం తాగకుండా ఉండడానికి. కొంచెం తేడా ఉంది. ఎంత తేడానో నాకూ తెలీదు.”

“తెలీకపోతే ఏం చేస్తావు?”

“జబ్బేమిటో తేలనప్పుడు ఏం చేస్తాం? తక్కువ మోతాదు ఇచ్చి, పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉంటాం.”

తర్వాతి నెల మొదటి ఆదివారం పొద్దున ఆవిడ చర్చి అలమర దగ్గర అందరితోపాటు నాన్న గ్లాసు కూడా నింపింది. మా వైపు బెంచీలకి వచ్చే ట్రేలో ముప్పై అయిదు గ్లాసుల్లో ద్రాక్షారసం. ముప్పై ఆరో దానిలో ఎండుద్రాక్ష ఉడికించి వడకట్టిన రసం. రంగు ఒక్కటే. ఆ గ్లాసు అంచున బియ్యపు గింజంత పెచ్చు ఊడి ఉంది. దాన్ని లోపలి వరుసలో పెట్టింది. బయటివి అయిపోకుండా లోపలి వరుస ఎవరూ ముట్టరు కాబట్టి అది నాన్నదాకా భద్రంగా వస్తుంది. నాన్న బెంచీ చివర కూర్చోవాలి, పద్ధతి తప్పినా పెచ్చు చూసి లోపలిదే తీసుకోవాలి. అంతే ఒప్పందం.

ఆ నెల నాన్న లేచి వెళ్లిపోలేదు. గ్లాసు తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. మా దగ్గర అందరి చేతికీ అందాక, పాస్టరు గారు మాట చెప్పాక, ఒక్కసారే తాగాలి. నాన్న తాగి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. నేను పక్కనే ఉన్నాను. నేను బల్ల దగ్గర చెయ్యి చాపను. నన్ను అడగడం మాస్టారు ఎప్పుడో మానేశాడు. నేను చర్చికి వెళ్లేది నాన్న మీద ఒక కన్నేసి ఉంచడానికి, పాటల పుస్తకం మధ్యలో వేరే పుస్తకం పెట్టుకుని చదవడానికి.

పదకొండు నెలలు అలా గడిచాయి. అత్త ఆ ఆదివారాల్లో మధ్యాహ్నం సరిగా తినేది కాదు. “కడుపులో బాగోలేదు” అనేది. ఆవిడ చెప్పిన అబద్ధాల్లో అది రెండోది.

పన్నెండో నెల ఎవరి పాపకో బాప్తిస్మం. చుట్టాలతో ముందు బెంచీలన్నీ నిండిపోయాయి. ట్రే మా వైపుకి వచ్చేసరికి బయటి వరుస ఖాళీ. మా ముందు బెంచీలో గంట మాస్టారు కూర్చున్నాడు. పద్ధతి ప్రకారమే లోపలి వరుసలోంచి ఒక గ్లాసు తీసుకున్నాడు. అంచున పెచ్చు ఊడినది.

ట్రే నాన్న ముందు ఆగింది. నాన్న వెతికాడు. వేళ్లు గ్లాసుల మీద గాలిలో ఆడాయి. పట్టుకున్నవాడు ట్రే కొంచెం ముందుకు జరిపాడు. వెనక ఎవరో దగ్గారు. నాన్న ఏదో ఒకటి తీసేసుకున్నాడు.

ఆ వాసన నాదాకా వచ్చింది. నాన్న గ్లాసుని ఒళ్లో పెట్టుకున్నాడు, మళ్లీ ఎత్తాడు. నాకూ ఆయన చేతికీ మధ్య ఆరంగుళాలు కూడా లేవు. చెయ్యి చాపి తీసుకుంటే అయిపోయేది. నేను చాపలేదు. తాగుతాడో లేదో చూద్దామనుకున్నాను. తాగితే, ‘నేను ముందే చెప్పాను’ అనొచ్చు. ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా అదే నిజం.

అత్త ముందు వరుసలో, ఆ పక్క గోడ దగ్గర కూర్చుని ఉంది. తల తిప్పి చూసింది. తమ్ముడి ముఖం చూసిందో, మాస్టారి చేతిలో పెచ్చు ఊడిన గ్లాసు చూసిందో, లేచింది. ఆ సమయంలో మా చర్చిలో ఎవరూ లేవరు. దగ్గు వస్తే కూడా మింగుకుంటారు. ఆవిడ అరిగిన చెప్పులు టపటపమంటుండగా బెంచీల మధ్య నడిచొచ్చింది. నాన్న చేతిలోంచి గ్లాసు తీసుకుంది. పాస్టరు గారు ఇంకా మాట చెప్పలేదు. అందరూ చూస్తుండగా గటుక్కున తాగేసింది. ఖాళీ గ్లాసు నాన్న చేతిలో పెట్టి, తిరిగి తన చోటికి వెళ్లి, తన గ్లాసు ఎత్తి పట్టుకుని కూర్చుంది.

పాస్టరు గారు కళ్లద్దాలు సర్దుకున్నాడు. చివరికి మాట చెప్పాడు. అందరూ తాగారు. నాన్న ఖాళీ గ్లాసుని పెదవులకి ఆనించుకున్నాడు.

ముందు బెంచీలో మాస్టారు తాగి, గ్లాసులోకి చూశాడు.

ఆరాధన అయ్యాక అత్తని వెనక గదిలోకి పిలిచారు. గ్లాసుల అలమర ఉండేది ఆ గదిలోనే. లోపల మాస్టారు, పాస్టరు గారు, ఇంకో ఇద్దరు పెద్దలు. నేనూ నాన్నా వరండాలో తలుపు పక్కన నిలబడ్డాం. తలుపు వాళ్లు వెయ్యలేదు.

“అమ్మా, నా గ్లాసులో ఉన్నది ద్రాక్షారసం కాదు” అన్నాడు మాస్టారు.

“కాదండీ. ఎండుద్రాక్ష ఉడికించింది. నేనే పోశాను.”

“ఈ ఒక్కసారేనా?”

“పన్నెండుసార్లు.”

పెద్దల్లో ఒకాయన, “హవ్వ!” అన్నాడు.

“ఎవరి కోసం?”

“అది చెప్పనండీ. నా కిటికీలో ఎవరు ఏ మందు తీసుకెళ్లారో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇదీ అంతే.”

“సంఘాన్ని మోసం చేశానని ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటానండీ. గ్లాసులో ఒకటి, పేరు ఇంకొకటి. అది తప్పే. నేను కాదనను.” కొంగు భుజం మీదకి సర్దుకుంది. “మళ్లీ మొదటి నుంచి మొదలైతే మళ్లీ అదే పోస్తాను. అదీ చెప్పెయ్యడం మంచిది.”

మాస్టారు లేచి అలమర తలుపు తెరిచాడు. తాళంచెవి దానికే ఉంది. గ్లాసుల వెనక చేతిరుమాలులో చుట్టిన చిన్న సీసా ఒకటి. రుమాలు విప్పాడు. మా అత్త అత్తే కదా. మోసం చెయ్యడానికి తెచ్చిన సీసా మీద కూడా చీటీ అంటించింది. గుండ్రటి చేతిరాత, తేదీతో సహా: ‘ఎండుద్రాక్ష రసం. తమ్ముడికి.’

నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. మాస్టారు చదివాడు. కళ్లద్దాలు పైకి జరిపి మళ్లీ చదివాడు. “ఏం రాసుంది మాస్టారూ?” అని ఆ హవ్వ పెద్దాయన కుర్చీలోంచి మెడ చాచాడు. మాస్టారు సీసాని అలమరలో పెట్టాడు. చీటీ గోడవైపు ఉండేలా తిప్పి పెట్టాడు.

“తేదీ రాసుంది” అన్నాడు.

అత్త అప్పుడు మొదటిసారి తల వంచుకుంది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి నన్ను పక్కకి జరిపి లోపలికి వెళ్లాడు.

“నాకోసం పోసింది మాస్టారూ. నేను తాగుబోతుని. పదిహేను నెలలైంది ముట్టుకుని. ఆ చుక్క పడితే నన్ను నేను ఆపుకోలేను.”

బయట బాప్తిస్మం పాప ఏడుస్తోంది.

“మీ ఇంటికొచ్చి అడిగాను కదా తమ్ముడూ” అన్నాడు మాస్టారు చివరికి. “ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“మీరు ఏ పాపం అని అడిగారు. ఏం కష్టం అని అడిగుంటే ఆ రోజే చెప్పేవాణ్ణి.”

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన నిటారుగా కాకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను. పాస్టరు గారు కళ్లద్దాలు తీశాడు కానీ తుడవలేదు. “మాస్టారూ, నేను అప్పుడే నా మాట చెప్పాల్సింది. మీ మీదకి నెట్టేశాను” అన్నాడు.

అయినా తాళంచెవి తీసుకున్నారు. ఆరు నెలలు అత్త అలమర ముట్టకూడదన్నారు. ఇంటికి వస్తూ దారంతా నేను మండిపడ్డాను. ప్రేమతో చేసినదానికి శిక్షేమిటి, ఆ గదిలో ఉన్నవాళ్లకి నా పుస్తకం చదివి వినిపించాలి అని ఏదేదో అన్నాను. అత్త చెప్పు తెగింది. వంగి పిన్నీసు పెట్టుకుంటూ అంది:

“మా మందుల గదిలో ఎవరైనా ఆ పని చేసుంటే నేను ఏడాది వేసేదాన్నిరా. వీళ్లు ఆరు నెలలే వేశారు.”

“అంటే నువ్వు చేసింది తప్పా, ఒప్పా?”

“తప్పే. చెయ్యాల్సిన తప్పు. ఇప్పుడు నా చెయ్యి పట్టుకో, లేవాలి.”

నాన్న అటుపక్క చెయ్యి పట్టుకున్నాడు. నేను ఇటుపక్క.

తర్వాతి నెల పాస్టరు గారు మైకులో చెప్పాడు: ఇకమీదట బయటి వరుసలో ద్రాక్షారసం, లోపలి వరుసలో ఉడికించిన ఎండుద్రాక్ష రసం. ఎవరికి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. ఎవరూ ఎవరినీ కారణం అడగకూడదు. అడగకూడదన్న మాట మాస్టారే చేర్పించాడట. ఆ నెల ఎండుద్రాక్ష ఉడికించింది కూడా ఆయనే. చర్చి అంతా మాడు వాసన. నాన్న లోపలి వరుసలోంచి తీసుకుని తాగి, ముఖం చిట్లించి, అక్కవైపు చూశాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. బయటికి వచ్చాక అడిగితే, “గిన్నె అడుగంటింది, ముసలాయన కలపలేదు” అంది.

ఆరు నెలలకి తాళంచెవి తిరిగొచ్చింది. ఇప్పుడు అలమరలో రెండు పెద్ద సీసాలు, రెండిటికీ చీటీలు, ముందువైపుకే తిప్పి ఉంటాయి. ఆరాధన అయ్యాక గ్లాసులు కడగడానికి నేను వెళ్తున్నాను. నాకేమీ పెద్ద భక్తి పుట్టుకురాలేదు. ఆవిడకి మోకాళ్లు నొప్పి, ఎవరో ఒకరు నిలబడి కడగాలి.

మొదటిసారి కడిగిన రోజు లోపలి వరుసలు చూశాను. మూడు ట్రేల్లో కలిపి తొమ్మిది గ్లాసులు ఖాళీ.

“అత్తా, తొమ్మిది! నాన్నది ఒకటి. మిగతా ఎనిమిది ఎవరు?” ఒక్కొక్క బెంచీ గుర్తు చేసుకోవడం మొదలెట్టాను. ఇన్నేళ్లూ నేను ఆ చర్చిలో చేసిన పని అదే. ఎవరిలో ఏముందో పట్టుకోవడం.

అత్త తడి చేత్తో నా చెవి మెలిపెట్టింది.

“కడిగేవాడికి ఎవరు తాగారో ఎందుకురా? శుభ్రంగా ఉందా లేదా చూడు.”

పెచ్చు ఊడిన గ్లాసు కూడా ఆ తొమ్మిదిలో ఉంది. నాన్న ఇప్పుడు దాన్ని వెతుక్కోడు. చేతికి ఏది అందితే అది తీసుకుంటాడు. ఆ రోజు అది ఎవరి చేతికి వెళ్లిందో నాకు తెలియదు. పెదవికి గుచ్చుకుంటుందేమోనని అంచు మీద వేలు పెట్టి చూశాను. కడిగి, తుడిచి, మళ్లీ లోపలి వరుసలో పెట్టాను.